నో డ్యూస్ కాగితం: ఎవరు ఎవరికి బాకీ?

భిలాయి లాంటి ఉక్కు నగరంలో రిటైరయ్యే ఉద్యోగి ఆఖరి నెలల్లో ఒక కాగితం పట్టుకుని తిరుగుతాడు. పెద్ద కంపెనీలన్నిటిలోనూ ఉండే కాగితమే అది. పనిముట్లు అప్పజెప్పాడా, సొసైటీలో అప్పు తీర్చాడా, కరెంటు బిల్లు కట్టాడా, క్వార్టరు ఖాళీ చేశాడా అని ఒక్కో విభాగం చూసుకుని ఒక్కో సంతకం పెడుతుంది. సంతకాలన్నీ పూర్తయితే దాన్ని 'నో డ్యూస్' అంటారు. ఈయన మాకేమీ బాకీ లేడని కంపెనీ రాసిచ్చే చీటీ అన్నమాట.

ముప్పై అయిదేళ్లు కొలిమి వేడిలో పనిచేసిన మనిషికి కంపెనీ ఎంత బాకీ ఉందో చెప్పే కాగితం మీద మాత్రం ఆయన సంతకం కోసం ఎవరూ ఆయన ఇంటి చుట్టూ తిరగరు. తిరగాల్సింది ఎప్పుడూ ఆయనే. ఒక్క సంతకం ఆగినా ఆఖరి లెక్క ఆగిపోతుంది. కూతురి పెళ్లికో, సొంతూళ్లో ఇంటికో అనుకున్న డబ్బు ఫైలులో ఉండిపోతుంది.

కార్మికుడు యజమానికి బాకీ పడవచ్చు. ఆ బాకీ తీర్చవలసిందే. కానీ ఆ బాకీ పేరు చెప్పి అతని కష్టార్జితాన్ని పట్టి ఉంచే అధికారం యజమానికి ఎంతవరకు ఉంది? ఈ ప్రశ్నకు మన దేశంలో నూట అరవై ఏళ్లకు పైబడిన చట్టాల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో తెలుగు కూలీలున్నారు, బాబాసాహెబ్ ఉన్నారు. వాళ్లందరికంటే ముందు తథాగతుడు చెప్పిన మాట ఉంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

అప్పు గురించి ధమ్మం

అప్పు లేకపోవడాన్ని బుద్ధుడు ఒక సుఖంగా లెక్కపెట్టాడు. అంగుత్తర నికాయంలోని ఆనణ్య సుత్తంలో అనాథపిండికుడితో గృహస్థుకు దక్కే నాలుగు సుఖాలు చెబుతాడు. న్యాయంగా సంపాదించిన సొత్తు కలిగి ఉండటం, దాన్ని అనుభవించడం, ఎవరికీ పెద్దా చిన్నా ఏ అప్పూ లేకుండా ఉండటం, నిందలేని నడవడి. అదే నికాయంలోని ఇణ సుత్తం అప్పు మనిషిని ఎలా దిగలాగుతుందో మెట్టు మెట్టుగా చూపిస్తుంది. పేదరికం వల్ల అప్పు, అప్పు వల్ల వడ్డీ, వడ్డీ కట్టలేకపోతే నిలదీత, ఆ తర్వాత వెంటాడటం, చివరికి బంధనం. ధనవంతుల దయ మీద బతకమని అక్కడ ఎవరికీ చెప్పలేదు. బాధకు కారణాల గొలుసు ఉన్నట్టే అప్పుకూ ఒక గొలుసు ఉందని చూపించాడు.

ఆ గొలుసు చివర ఏముంటుందో థేరీగాథల్లో ఇసిదాసి చెబుతుంది. తన పూర్వజన్మల కథలో ఒకచోట ఆమె బండి తోలుకునే పేదవాడి కూతురు. ఇంటి మీద అప్పులవాళ్ల ఒత్తిడి ఎక్కువ. వడ్డీ పెరిగిపోయిందని బిడారు నాయకుడొకడు వచ్చి, ఏడుస్తున్న ఆ పిల్లను పుట్టింటి నుంచి ఈడ్చుకుపోతాడు. అప్పు డబ్బుతో మొదలై మనిషి ఒంటి మీదికి వచ్చిన తీరు ఇది. మన ఊళ్లలో జీతానికి కుదిరిన పిల్లల కథ ఇంతకంటే వేరుగా ఏమీ లేదు.

అలాగని అప్పు ఎగ్గొట్టడానికి ధమ్మం దారి చూపలేదు. వినయ పిటకంలో ఒక సంగతి ఉంది. అప్పులపాలైన ఒకడు సంఘంలో చేరిపోతే, అప్పిచ్చినవాళ్లు అతన్ని గుర్తుపట్టి గొడవ చేశారు. అప్పుడు బుద్ధుడు అప్పున్నవాడికి పబ్బజ్జ ఇవ్వరాదని నియమం పెట్టాడు. కాషాయం అప్పుకు చాటు కాకూడదని అర్థం.

ఈ రెండింటి పక్కన సిగాలోవాద సుత్తాన్ని పెట్టి చదవాలి. అందులో యజమాని పనివాళ్ల పట్ల చేయవలసినవి అయిదు చెప్పారు. శక్తికి తగిన పని ఇవ్వడం, భత్త వేతనాలు ఇవ్వడం, జబ్బు చేస్తే చూసుకోవడం, మంచి తిండి దొరికినప్పుడు పంచుకోవడం, సమయానికి సెలవివ్వడం. ఆ 'భత్తం' మన 'బత్తెం' అనే మాటకు దగ్గరి చుట్టంలా వినిపిస్తుంది. గమనించవలసింది ఏమిటంటే, వేతనం ఇవ్వడం ఇక్కడ యజమాని విధి. పనివాడి మీద ఉన్న బాకీని బట్టి ఇవ్వవచ్చు, మానవచ్చు అనే షరతు అందులో లేదు. అప్పు తీర్చడం పనివాడి ధర్మం, కూలి ఇవ్వడం యజమాని ధర్మం. రెండూ రెండు లెక్కలు. ఆ రెండు లెక్కలనూ ఒకే చెయ్యి రాసుకుంటే ఏమవుతుందో తర్వాతి చరిత్ర చెబుతుంది.

అడ్వాన్సు అనే తాడు

1859లో బ్రిటిష్ ప్రభుత్వం పనివాళ్ల ఒప్పంద భంగం మీద ఒక చట్టం తెచ్చింది. ఆ సంవత్సరపు పదమూడో చట్టం అది. అడ్వాన్సు తీసుకుని పనికి రాని కూలీని యజమాని మేజిస్ట్రేటు ముందుకు ఈడ్చవచ్చు. డబ్బు తిరిగి ఇవ్వమనో, పని చేయమనో మేజిస్ట్రేటు ఆజ్ఞాపిస్తాడు. వినకపోతే మూడు నెలల వరకు కఠిన జైలు. అదే యజమాని కూలి ఎగ్గొడితే అతనికి జైలు లేదు. ఒక వైపు అప్పు నేరం, మరో వైపు అప్పు కేవలం వ్యవహారం. ఈ చట్టం 1925లో రద్దయ్యేదాకా అరవై అయిదేళ్లకు పైగా బతికింది.

ఆ కాలంలోనే గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి మనవాళ్లు ఓడలెక్కి రంగూన్ వెళ్లారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు మీద అక్కడ వాళ్లను కోరంగీలు అన్నారు. బియ్యం మిల్లుల్లో, రేవులో మూటలు మోసింది ఎక్కువగా వాళ్లే. వాళ్లను తీసుకెళ్లింది మేస్త్రీ. ఊళ్లోనే అడ్వాన్సు చేతిలో పెట్టి, ఓడ ఖర్చు తానే పెట్టుకుని, రంగూన్ చేరాక ఆ డబ్బంతా వాళ్ల కూలిలోంచి పట్టుకునేవాడు. మిల్లు యజమాని కూలీ చేతికి డబ్బిచ్చేవాడు కాదు, మేస్త్రీకిచ్చేవాడు. అప్పిచ్చింది ఆయన, లెక్క రాసింది ఆయన, కూలి పంచింది ఆయన. ఇంటికి తిరిగి వెళ్లే రోజున ఆఖరి లెక్కలో మిగిలేది ఎంతో చెప్పేదీ ఆయనే.

1929లో వైట్లీ అధ్యక్షతన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ ఏర్పడింది. బర్మా కూడా దాని పరిధిలోనే ఉంది. 1931లో అది ఇచ్చిన నివేదికలో కార్మికుల అప్పుల మీద ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. చాలా పారిశ్రామిక కేంద్రాల్లో మూడింట రెండు వంతుల కుటుంబాలకు తక్కువ కాకుండా అప్పుల్లో ఉన్నాయనీ, ఎక్కువమంది అప్పు మూడు నెలల జీతాన్ని మించిందనీ కమిషన్ తేల్చింది. కార్మికుడి జీతాన్ని అప్పులవాళ్ల జప్తు నుంచి కాపాడాలని సిఫారసు చేసింది. అప్పు తీర్చలేని కార్మికుణ్ణి జైలుకు పంపే పద్ధతి పోవాలని కూడా చెప్పింది.

1936లో గీసిన గీత

ఆ చర్చల నుంచి వచ్చిందే 1936 నాటి వేతన చెల్లింపు చట్టం. 1937 మార్చి 28 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట్లో ఫ్యాక్టరీలకూ రైల్వేకూ వర్తించింది, తర్వాత పరిధి పెరిగింది. జీతంలోంచి ఏమేమి కోయవచ్చో ఆ చట్టం ఒక జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో లేని కోత ఏదైనా చట్టవిరుద్ధమే. ఒక్క వాక్యంలో ఆ చట్టం సారం ఇదే.

జాబితాను కొంచెం వివరంగా చూద్దాం. ఉద్యోగంలో చేరకముందు ఇచ్చిన అడ్వాన్సును మొదటి పూర్తి నెల జీతంలోంచి పట్టుకోవచ్చు. కానీ ఊరి నుంచి పనిచోటుకు వచ్చేందుకు ఇచ్చిన దారి ఖర్చును తిరిగి పట్టుకోకూడదు. రంగూన్ ఓడ ఖర్చు గుర్తున్నవారికి ఈ చిన్న నిబంధన విలువ తెలుస్తుంది. వస్తువు పోయిందనో పాడైందనో కోత పెట్టాలంటే అది ప్రత్యేకంగా ఆ కార్మికుడికి అప్పజెప్పిన వస్తువై ఉండాలి, అతని నిర్లక్ష్యం వల్లే పోయి ఉండాలి, కోతకు ముందు అతని మాట వినాలి. జరిమానా జీతంలో మూడు శాతం దాటకూడదు. అన్ని కోతలూ కలిపి సగం దాటకూడదు, సహకార సంఘం బాకీలు ఉంటే మాత్రం డెబ్బై అయిదు శాతం వరకు. యజమానే ఉద్యోగం తీసేస్తే రెండో పనిదినం ముగిసేలోగా జీతం చేతికి రావాలి. అక్రమంగా కోసిన సొమ్మును తిరిగి ఇప్పించడంతో పాటు దానికి పదింతల వరకు పరిహారం విధించే అధికారం విచారణ అధికారికి ఉంది. ఈ హక్కులు వదులుకుంటున్నానని కార్మికుడి చేత సంతకం పెట్టించుకున్నా ఆ కాగితం చెల్లదు.

ఈ చట్టంలో లోపాలూ ఉన్నాయి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి నోటీసు లేకుండా పనికి రాకపోతే ఎనిమిది రోజుల జీతం వరకు కోయవచ్చన్న నిబంధన సమ్మెల మీద పెట్టిన కత్తి. జీతం ఒక పరిమితి దాటినవారికి చట్టం వర్తించలేదు. 2017లో ఆ పరిమితి నెలకు 24,000 రూపాయలు అయింది. అయినా బాకీ వేరు, కూలి వేరు అన్న గీతను మొదటిసారి చట్టంగా గీసింది ఇదే.

బరోడాలో ఒక గది

బాబాసాహెబ్ జీవితంలో ఈ విషయానికి దగ్గరైన ఘట్టం ఒకటుంది. విదేశీ చదువుకు బరోడా మహారాజు సయాజీరావు సాయం చేశాడు. బదులుగా పదేళ్లు ఆ సంస్థానంలో కొలువు చేస్తానని ఆయన ఒప్పుకున్నాడు. ఒక రకంగా అదీ ఋణమే, పనితో తీర్చవలసిన ఋణం. దాన్ని తీర్చడానికే 1917లో బరోడా వెళ్లాడు. అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో పని దొరికింది, ఉండటానికి గది మాత్రం దొరకలేదు. పేరు మార్చుకుని ఒక పార్సీ సత్రంలో చేరాడు. సంగతి బయటపడగానే కర్రలు పట్టుకుని వచ్చినవాళ్లు గది ఖాళీ చేయమన్నారు. ఆశ్రయం అడిగిన చోటల్లా తలుపు మూసుకుంది. తోటలో పొద్దు గడిపి రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్లిపోయాడు. ఈ అనుభవాన్ని ఆయనే తర్వాత రాసి పెట్టాడు.

ఆ బాండు తీరకపోవడానికి కారణం ఆయనా, ఆ ఊరా? పని చేయడానికి సిద్ధపడి వచ్చినవాడికి తలమీద కప్పు లేకుండా చేసి, తర్వాత నువ్వే బాకీ అంటే ఎవరు ఎవరికి బాకీ?

ఈ ప్రశ్న ఆయన తర్వాతి పనిలో కనిపిస్తూనే ఉంటుంది. 1936లో పెట్టిన పార్టీకి ఆయన పెట్టిన పేరే స్వతంత్ర కార్మిక పార్టీ. 1938లో సమ్మె హక్కును కుదించే పారిశ్రామిక వివాదాల బిల్లును బొంబాయి శాసనసభలో ఎదిరించి, ఆ నవంబరులో ఒకరోజు సమ్మె నడిపించాడు. 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశాడు. 1946 ఏప్రిల్‌లో కనీస వేతనాల బిల్లు ప్రవేశపెట్టాడు, అది 1948లో చట్టమైంది. 1947 నాటి 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన వాదన ఒకటుంది. ఆకలితో ఉన్నవాడు ఉద్యోగం కోసం తన హక్కులను తానే వదులుకోవలసి వస్తుందని, రాజ్యం తప్పుకున్న చోట ప్రైవేటు యజమాని నియంతృత్వం వస్తుందని ఆయన హెచ్చరించాడు. రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టిని, బలవంతపు చాకిరీని నిషేధించింది.

ఆ అధికరణానికి పళ్లు మొలవడానికి మరో పాతికేళ్లు పట్టింది. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం దేశంలోని రకరకాల అప్పు చాకిరీల పేర్లను వరుసగా పేర్కొంది. ఆ వరుసలో జీత, పాలేరు, భాగేలా, వెట్టి అనే మాటలున్నాయి. మన తాతలు మోసిన పేర్లు పార్లమెంటు చట్టంలో అచ్చయ్యాయి. అలాంటి చాకిరీకి కట్టిపడేసిన అప్పు ఆ రోజుతో రద్దయిపోయిందని చట్టం ప్రకటించింది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. పేదరికం ఒత్తిడి వల్ల కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయడం కూడా బలవంతపు చాకిరీయేనని తేల్చింది. కొరడా ఉంటేనే బలవంతం కాదు, ఖాళీ కడుపు కూడా బలవంతమే.

దీక్షా భూమికి దగ్గర్లో ఒక కొలిమి

ఇప్పుడు భిలాయికి వద్దాం. సోవియట్ యూనియన్‌తో ఈ కర్మాగారానికి ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. ఆ మరుసటి ఏడు అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నాడు. హౌరా, బొంబాయి మధ్య నడిచే రైలు మార్గం మీదే ఈ రెండు ఊళ్లూ ఉన్నాయి. 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించాడు. అప్పటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లా పొలాల్లో దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్లతో కొత్త నగరం లేచింది. తెలుగువాళ్లూ పెద్ద సంఖ్యలో వచ్చారు. ఈనాటికీ ఖుర్సీపార్‌లో, క్యాంపు వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. కర్మాగారం కట్టే రోజుల్లో కూలీలు గుడిసెలు వేసుకున్న క్యాంపులే తర్వాత క్యాంపు ఒకటి, క్యాంపు రెండు అనే పేటలయ్యాయి.

పర్మనెంటు ఉద్యోగం దొరికినవాడి జీవితం మారిపోయింది. సెక్టార్లలో క్వార్టరు, పిల్లలకు బడి, ఆసుపత్రి, పీఎఫ్, గ్రాట్యుటీ. ఊళ్లో దొర గడప ఎక్కలేని కుటుంబాల పిల్లలు ఇక్కడ పక్కపక్క ఇళ్లలో పెరిగారు. బరోడాలో బాబాసాహెబ్‌కు దొరకని కప్పు ఈ నగరంలో ఒక తరానికి దొరికింది. ఈ మేలును తక్కువ చేసి చెప్పకూడదు.

అయితే ఆ కప్పు ఇచ్చిన చెయ్యే జీతమూ ఇస్తుంది. రిటైరైన రోజున ఆ రెండు సంగతులూ ఒకే లెక్కలోకి వస్తాయి.

బొకారో తీర్పు, భిలాయి ఇళ్లు

భిలాయి, బొకారో రెండూ స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా కిందివే, గ్రాట్యుటీ నియమాలూ ఒకటే. కంపెనీ ఇల్లు ఖాళీ చేయకపోతే గ్రాట్యుటీ ఆపవచ్చని, ఆపిన కాలానికి వడ్డీ ఉండదని 1978 నాటి ఆ నియమాలు చెబుతాయి. మరోవైపు 1972 గ్రాట్యుటీ చట్టం ఏం చెప్పింది? ముప్పై రోజుల్లో చెల్లించాలి. ఏ కోర్టు డిక్రీ కిందా దాన్ని జప్తు చేయకూడదు. ఉద్యోగి చేసిన నష్టం వల్లనో, హింస వల్లనో, నైతిక పతనం కిందికి వచ్చే నేరం వల్లనో ఉద్యోగం పోయినప్పుడు మాత్రమే దాన్ని తగ్గించడమో రద్దు చేయడమో కుదురుతుంది. క్వార్టరు సంగతి ఆ జాబితాలో లేదు.

ఈ రెండింటి మధ్య తగువు బొకారో నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2017లో ఒకసారి కోర్టు ఉత్తర్వు రిటైరైనవారి వైపు మొగ్గింది. 2020 డిసెంబరు 15న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో కేసులో వేరే మాట చెప్పింది. పాత ఉత్తర్వు ఆ కేసు వరకే గానీ మార్గదర్శకం కాదంది. గడువు దాటి ఇంట్లో ఉంటే పీనల్ రెంటు పడటం సహజమేనని, దాన్ని గ్రాట్యుటీతో సహా రావలసిన సొమ్ములోంచి సర్దుబాటు చేసుకోవచ్చని తీర్పు ఇచ్చింది. ఇప్పటికి అమల్లో ఉన్న మాట ఇదే. భిలాయిలో రిటైరయ్యేవాళ్లు దీన్ని తెలుసుకుని నడుచుకోవాలి.

కోర్టు వాదనలో న్యాయం లేకపోలేదు. ఒకరు ఖాళీ చేయని ఇల్లు, క్యూలో ఉన్న ఇంకో ఉద్యోగి పిల్లలకు అందని ఇల్లు. వినయ నియమం చెప్పినట్టు, మన హక్కు ఇంకొకరి బాకీకి చాటు కాకూడదు. అయినా ఒక సందేహం మిగులుతుంది. పీనల్ రెంటు ఎంతో నిర్ణయించేది కంపెనీ. ఎన్ని నెలలకో లెక్క కట్టేది కంపెనీ. కోసుకునేది కంపెనీ. ఇల్లు ఖాళీ చేయించడానికి 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం ఉండనే ఉంది. దాని ప్రకారం ఎస్టేట్ అధికారి నోటీసు ఇవ్వాలి, మాట వినాలి, కారణాలతో ఆజ్ఞ రాయాలి, దాని మీద జిల్లా జడ్జి దగ్గర అప్పీలు ఉంటుంది. ఆ దారి నిదానం, నిజమే. కానీ అందులో రెండో మనిషి మాట వినే చోటు ఉంది. గ్రాట్యుటీ ఆపడంలో అది లేదు. 2013లో ఒక జార్ఖండ్ కేసులో సుప్రీంకోర్టే పెన్షను, గ్రాట్యుటీ ఉద్యోగి ఆస్తి అని, 300-ఏ అధికరణం కింద చట్టబలం లేకుండా దాన్ని తీసేయకూడదని చెప్పింది. ఆస్తి అయినప్పుడు దాని మీద చెయ్యి వేసే ముందు అతని మాట వినడం కనీస న్యాయం కాదా?

క్యాంపుల వైపు నుంచి చూస్తే

క్వార్టరు గురించి తగువు పడటానికి కూడా ముందు క్వార్టరు ఉండాలి. 1980ల్లో అరవై వేల పైచిలుకు ఉన్న భిలాయి పర్మనెంటు ఉద్యోగుల సంఖ్య తర్వాతి దశాబ్దాల్లో సగానికి పైగా తగ్గింది. ఆ పనిలో చాలా భాగం కాంట్రాక్టు కూలీల మీద పడింది. ఛత్తీస్‌గఢీ సత్నామీలు, ఆదివాసీలు, 'రేజా' అని పిలిచే ఆడ కూలీలు, వలస వచ్చిన తెలుగువాళ్లు, ఒడియాలు. వీళ్లకు నో డ్యూస్ కాగితం ఉండదు. కాంట్రాక్టు ముగిసిన రోజున కాంట్రాక్టరు నోటి లెక్క ఉంటుంది. ముందు ఇచ్చిన అడ్వాన్సు, పండక్కి ఇచ్చిన ఖర్చు, పోయిన హెల్మెట్ ధర అన్నీ తీసేస్తే మిగిలింది ఇదే అంటాడు. రంగూన్ మేస్త్రీ ఓడ దిగి ఇక్కడికి వచ్చాడా అనిపిస్తుంది.

ఈ లెక్కను ఎదిరించినవాళ్లు ఈ నేలమీద ఉన్నారు. భిలాయికి ఇనుప ఖనిజం అందించే దల్లీ రాజహరా గనుల్లో 1977లో శంకర్ గుహ నియోగీ నాయకత్వాన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పుట్టింది. పని లేని రోజులకు వేతనం, వానలకు ముందు గుడిసెల మరమ్మతుకు సొమ్ము వాళ్ల తొలి కోరికల్లో ఉన్నాయి. అక్కడా మళ్లీ కూలి, కప్పు. ఆ జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో పదకొండుమంది చనిపోయారు. సంఘం వెనక్కి పోలేదు. కూలి డబ్బును సారా దుకాణం మింగేస్తే అప్పు తప్పదని, మద్యానికి వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం నడిపింది. సొంత ఆసుపత్రి కట్టుకుంది. పంచశీలలో అయిదోది పాటించడం కూలి పోరాటంలో భాగమని వాళ్లు ఆచరణలో చూపించారు. భిలాయి ప్రైవేటు ఫ్యాక్టరీల కాంట్రాక్టు కార్మికుల కోసం పోరాడుతున్న రోజుల్లో, 1991 సెప్టెంబరు 28న, నియోగీని నిద్రలో ఉండగా కాల్చి చంపారు. మరుసటి ఏడు జులై 1న భిలాయి పవర్ హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద మళ్లీ కాల్పులు జరిగాయి.

1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని చెప్పింది. కూలి పంచేచోట అసలు యజమాని ప్రతినిధి ఉండాలని కూడా చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి పాత చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్‌లు వచ్చాయి. వాటి మీద కార్మిక సంఘాలకు గట్టి అభ్యంతరాలున్నాయి, అది వేరే వ్యాసం. మన విషయానికి సంబంధించి వేతన కోడ్‌లో మారిందేమిటో తెలుసుకోవాలి. ఉద్యోగం తీసేసినా, తానే రాజీనామా చేసినా, ఫ్యాక్టరీ మూతపడినా రెండు పనిదినాల్లో జీతం చెల్లించాలి. రాజీనామా చేసినవాడికి పాత చట్టంలో ఈ గడువు లేదు. కోతలు సగం దాటకూడదన్న నియమం అలాగే ఉంది. జీత పరిమితి పోయింది. ఫిర్యాదుకు గడువు ఏడాది నుంచి మూడేళ్లకు పెరిగింది. పదింతల వరకు పరిహారం నిలిచింది.

మన వంతు పని

చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, అది మన చేతికి రావాలి. అందుకు పెద్ద చదువు అక్కర్లేదు. అడ్వాన్సు తీసుకున్న రోజే తేదీ, మొత్తం రాసుకోవాలి. ఆఖరి లెక్క నోటితో చెబితే కాగితం మీద అడగాలి. ఏ కోత దేనికో విడివిడిగా రాయించుకోవాలి. ఖాళీ కాగితం మీద, 'అంతా ముట్టింది' అన్న రసీదు మీద డబ్బు చేతికి రాకముందు సంతకం పెట్టకూడదు. రిటైరయ్యేవాళ్లు క్వార్టరు గడువు ముందే తెలుసుకుని, తాళం అప్పజెప్పిన రోజు రసీదు తీసుకోవాలి. ఊరి వడ్డీ వ్యాపారి, కిరాణా షాపువాడు వచ్చి జీతంలోంచి పట్టివ్వమంటే యజమానికి ఆ అధికారం లేదని చెప్పాలి. పీఎఫ్ సొమ్మును ఏ అప్పుకూ జప్తు చేయలేరని గుర్తుంచుకోవాలి. తగువు తేలకపోతే లేబర్ కమిషనర్ కార్యాలయానికి ఒంటరిగా కాకుండా నలుగురు కలిసి వెళ్లాలి.

మన విహారాల్లో ఆదివారం వందన తర్వాత అరగంట ఇలాంటి కాగితాలు చదివి చెప్పడానికి కేటాయిస్తే ఎంతో మేలు. చదువుకున్న పిల్లలు మనకున్నారు. అప్పుడు సిగాలోవాద సుత్తం గోడ మీద పటం కాకుండా పేస్లిప్ పక్కన పెట్టి చదివే పాఠం అవుతుంది.

అనాథపిండికుడికి బుద్ధుడు చెప్పిన ఋణం లేని సుఖం ఒకవైపు నుంచే రాదు. మనం బాకీలు తీర్చాలి, మనకు రావలసినవి రాబట్టుకోవాలి. కంపెనీ నో డ్యూస్ కాగితం మీద సంతకాలన్నీ పూర్తయిన రోజున, దాని పక్కనే కార్మికుడు కూడా ఒక కాగితం పెట్టి 'మీరూ నాకేమీ బాకీ లేరు' అని నిజంగా రాయగలిగితే అప్పుడు రెండు లెక్కలూ సరిపోయినట్టు. ఆ రెండో కాగితం కోసం అడగడం బాబాసాహెబ్ మనకు నేర్పిన పని.